కారు కిందికి దించారా? అయితే అలైన్‌మెంట్ షీట్ చదవడం నేర్చుకోండి

ఫోన్ రివ్యూల మధ్యలో ఈ టైర్ల గోలేంటి అనుకోకండి, ఇందులో కూడా ఫోన్‌తో పనుంది.

నాది 2018 స్విఫ్ట్. 30 మిల్లీమీటర్లు దించే స్ప్రింగ్స్, 16 అంగుళాల అలాయ్స్ వేయించా. రోజూ కంచన్‌బాగ్ నుంచి చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా ఓఆర్ఆర్ ఎక్కి గచ్చిబౌలి వెళ్తా. 9,000 కిలోమీటర్ల తర్వాత పంక్చర్ అయి ముందు టైరు విప్పితే, లోపలి అంచున రబ్బరు పోయి దారాలు కనిపిస్తున్నాయి. బయటి వైపు మాత్రం కొత్త టైరులాగే ఉంది! దాని మీదే ముందు రోజు 100 స్పీడ్‌లో వెళ్లాను. మిస్సైళ్ల దిశ లెక్కలు కట్టే ల్యాబుల పక్కనే ఉంటూ నా కారు చక్రాల దిశ చూసుకోలేదన్నమాట.

స్ప్రింగ్స్ వేసిన రోజే అలైన్‌మెంట్ చేయించాను కదా! "గ్రీన్‌ల ఉంది భాయ్, తీస్కపో" అన్నారు, తెచ్చుకున్నా. తప్పు అక్కడే జరిగింది. కొత్త స్ప్రింగ్స్ కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఇంకాస్త కిందికి కూర్చుంటాయి. హైట్ మారితే టో, క్యాంబర్ రెండూ మారతాయి. అందుకే 500 కిలోమీటర్ల తర్వాత మళ్లీ చేయించాలి. నేను చేయించలేదు.

టో అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం. క్యాంబర్ అంటే ముందు నుంచి చూస్తే చక్రం వాలి ఉండటం. అందరూ క్యాంబర్‌నే తిడతారు కానీ టైరును ఎక్కువగా తినేది టో. పంక్చర్ తర్వాత తీయించిన షీట్‌లో ఒక్కో ముందు చక్రం టో మైనస్ 0.30 డిగ్రీలు, అంటే బయటికి తిరిగి ఉంది. చూడ్డానికి చిన్న నంబరే. లెక్కేస్తే టైరు కిలోమీటరుకు 5.2 మీటర్లు పక్కకు గీసుకుంటోంది. 9,000 కిలోమీటర్లకు 47 కిలోమీటర్లు! దానికి మైనస్ క్యాంబర్ తోడైతే ఆ అరుగుదల అంతా లోపలి అంచు మీదే పడుతుంది.

స్విఫ్ట్‌లో కంపెనీ ఇచ్చిన అడ్జస్ట్‌మెంట్ ముందు టో ఒక్కటే. క్యాంబర్ రెడ్‌లో ఉన్నా షాపువాళ్లు వదిలేసేది అందుకే. స్ట్రట్ కింద ఉండే రెండు బోల్టుల్లో ఒకదాని బదులు క్యాంబర్ బోల్ట్ వేయిస్తే కొంత సరిచేయొచ్చు.

ఇప్పుడు ఫోన్ సంగతి. ఐఫోన్ లెవెల్‌లో పూర్తి డిగ్రీలే కనిపిస్తాయి, ఈ పనికి చాలదు. ఫైఫాక్స్ యాప్‌లో దశాంశాలు కూడా వస్తాయి. రిమ్ పై అంచుకి, కింది అంచుకి తగిలేలా నిలువుగా ఒక అల్యూమినియం పట్టీ పెట్టి, ఫోన్‌లో బటన్లు లేని వైపును దానికి ఆనించండి. రీడింగ్ తీసుకున్నాక కారును వెనక్కి తిప్పి, అదే చక్రాన్ని అదే చోట నిలబెట్టి మళ్లీ కొలవండి. రెండిటి సగటు తీస్తే నేల వాలు ఎగిరిపోతుంది. మెషీన్‌కి ఇది సాటి రాదు, కానీ నెలనెలా ఏదైనా మారుతోందా అనేది పట్టేస్తుంది. టో మాత్రం ఫోన్‌తో కుదరదు, షాపుకే వెళ్లాలి.

వెళ్లేముందు గాలి సరిచేసుకోండి. టై రాడ్ ఎండ్స్, బాల్ జాయింట్లు, బుష్‌లు చూపించండి. అవి లూజుగా ఉంటే అలైన్‌మెంట్ నిలవదు. కంట్రోల్ ఆర్మ్ బోల్టులు చివరిగా బిగించేది కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే. గాల్లో బిగిస్తే బుష్ మెలిపడి తొందరగా చిరుగుతుంది.

టైరు సైజులో నాకు కలిసొచ్చింది. కంపెనీ 185/65 ఆర్15 వ్యాసం 621.5 మిల్లీమీటర్లు, 195/55 ఆర్16ది 620.9. స్పీడోమీటర్‌కి తేడా తెలియదు. అదే 205/55 ఆర్16 అయితే 632 దాకా పోతుంది, దించిన కారులో లోపల రాసుకునే ఛాన్స్ ఎక్కువ. లోడ్ ఇండెక్స్ కూడా చూడండి. పాతది 88 అయితే టైరుకు 560 కిలోలు. కొత్త సైజులో 87 అంటగడతారు, అది 545 కిలోలే. 91 ఉన్న ఎక్స్‌ఎల్ టైరు అడగండి.

ఇంకొకటి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌ను ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. స్ప్రింగ్స్ కొనేటప్పుడు నేను ఇది చదవలేదు. మీరు ముందే ఆర్టీఏలో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర కనుక్కోండి.

ఇప్పుడు నా ముందు టో 0.05, క్యాంబర్ మైనస్ 1.1. షీట్ ఫోటోలు ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో పెడుతున్నా. 5,000 కిలోమీటర్లకోసారి టైర్లు తిప్పించేటప్పుడు చేత్తో లోపలి అంచు తడిమి చూస్తున్నా.