కిడ్నీ మార్పిడి జరిగిన పిల్లలకు రక్తపరీక్షలు: ఎప్పుడు, ఎందుకు?

మన ట్రస్టు ఇచ్చిన విద్యార్థి వేతనంతో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, ఇప్పుడు బెంగళూరులో ఒక ల్యాబులో పనిచేస్తున్నాను. ఒకరోజు పొద్దున్నే మన కెలమంగలం వైపు నుంచి ఒక తల్లి పదేళ్ళ కొడుకుని పిలుచుకొని వచ్చింది. ఆమె ఇచ్చిన కిడ్నీయే ఆ పిల్లవాడిలో పనిచేస్తోంది. చీటీలో టాక్రోలిమస్ పరీక్ష రాసి ఉంది. పొద్దున మాత్ర వేశారా అని అడిగాను. "మరవకుండా వేసే బయలుదేరితిమన్నా" అంది. ఆ రోజు రక్తం తీయకుండానే వెనక్కి పంపవలసి వచ్చింది. బస్సు ఛార్జీలు, ఒక రోజు కూలి పోయాయి. తప్పు ఆమెది కాదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు.

తల్లి ఇచ్చినదైనా సరే, శరీరంలోని రక్షణ వ్యవస్థ కొత్త కిడ్నీని పరాయి వస్తువుగానే చూస్తుంది. తెల్ల రక్తకణాలు దాని మీద దాడి చేయకుండా ప్రతిరోజూ మందు వేసుకోవాలి. మన దేశంలో తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి 1971లో రాయవేలూరు సి.ఎం.సి. ఆసుపత్రిలో జరిగింది. ఆ రోజుల్లో అజాథయోప్రిన్, స్టెరాయిడ్లే ఆధారం. నేడు ఎక్కువగా వాడే టాక్రోలిమస్‌ను 1984లో జపాన్‌లోని సుకుబా ప్రాంతపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి తీశారు.

ఈ మందు రక్తంలో తక్కువైతే శరీరం కిడ్నీని తిరస్కరిస్తుంది. ఎక్కువైతే ఇన్ఫెక్షన్లు సోకుతాయి, కిడ్నీ కూడా దెబ్బతింటుంది. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటల తర్వాత, పొద్దుటి మాత్రకు ముందు రక్తంలో మందు అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. డాక్టర్లకు కావలసింది ఆ అంకె. మాత్ర వేసుకున్న గంట, రెండు గంటల్లో అది బాగా పెరుగుతుంది. అప్పుడు తీసిన రక్తం చూసి మోతాదు తగ్గిస్తే పిల్లవాడికే ప్రమాదం.

పిల్లవాడి రోగనిరోధక శక్తి ఇంత అని ఒకే అంకెలో చెప్పే పరీక్ష ఉందా అని చాలామంది అడుగుతారు. రోజువారీ వైద్యంలో అలాంటిది లేదు. మందు స్థాయి, తెల్ల కణాల లెక్క, బి.కె. వైరస్, సి.ఎం.వి., ఇ.బి. వైరస్ వంటి పరీక్షలు, దాత కిడ్నీకి వ్యతిరేకంగా పుట్టే యాంటీబాడీలు, క్రియాటినిన్ – ఇవన్నీ కలిపి చూస్తారు.

క్రియాటినిన్ దగ్గర పదో తరగతి పిల్లలు కాగితం, పెన్ను తీసుకోండి. తిరస్కరణ మొదలైనప్పుడు చాలాసార్లు నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. మొదట కదిలేది ఈ అంకే. డాక్టర్ ష్వార్ట్జ్ బృందం 2009లో పిల్లల కోసం సరళమైన సూత్రం ఇచ్చింది. సెంటీమీటర్లలో ఎత్తును 0.413తో గుణించి, క్రియాటినిన్‌తో భాగించాలి. 130 సెంటీమీటర్ల పిల్లవాడికి క్రియాటినిన్ 0.7 ఉంటే జవాబు దాదాపు 77. అదే 1.1 అయితే 49. కిడ్నీ వడపోత మూడో వంతుకు పైగా పడిపోయింది. కానీ రిపోర్టులో పక్కన అచ్చయ్యేది పెద్దల హద్దు అయితే 1.1 దగ్గర ఏ గుర్తూ ఉండదు. అంతా నార్మలే అనుకొని ఇంటికి పోతారు. కాబట్టి కొత్త రిపోర్టును ఆ హద్దుతో కాక, పిల్లవాడి పాత రిపోర్టుతో పోల్చండి. నేను డాక్టరును కాను, ఈ లెక్క చూసి ఎవరూ మందు మార్చకండి. తేడా కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి ఫోను చేయండి.

వాంతులైతే మందు నిలవకపోవచ్చు, విరేచనాలైతే టాక్రోలిమస్ స్థాయి పెరగవచ్చు. జ్వరం వస్తే ఇంట్లో రెండు రోజులు చూద్దామని ఆగకూడదు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఎరిత్రోమైసిన్ ఈ మందు స్థాయిని పెంచుతుంది, క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ బాగా తగ్గిస్తుంది. ఐబుప్రొఫెన్ కిడ్నీకి మంచిది కాదు. పంపర పనస పండు కూడా వద్దు.

టీకాల విషయం బళ్ళో టీచర్లకూ తెలియాలి. నోటిలో వేసే పోలియో చుక్కల్లో బతికి ఉన్న వైరస్ ఉంటుంది. అది ఈ పిల్లలకు పనికిరాదు. ఇంట్లోని చెల్లెలికి వేసినా మలం ద్వారా అన్నకు చేరవచ్చు. పోలియో ఆదివారం చుక్కలు వేసే నర్సమ్మకు ఈ సంగతి ముందే చెప్పి, ఇంజక్షన్ రూపంలో ఇప్పించే విషయం డాక్టరును అడగండి. తరగతిలో ఎవరికైనా ఆటలమ్మ పోసిందని తెలిస్తే ఆ రోజే డాక్టరుకు తెలపాలి. కొన్ని రోజుల్లోపే ఇవ్వవలసిన మందు ఉంది.

పదమూడు, పద్నాలుగేళ్ళు దాటాక ఇంకో చిక్కు. బాగానే ఉన్నాను కదా అని పిల్లలు మాత్రలు మానేస్తారు. ఆ వయసులో మార్పిడి కిడ్నీలు పోవడానికి ఇది పెద్ద కారణం. తిట్టి ప్రయోజనం లేదు. రిపోర్టు వాళ్ళ చేతికే ఇచ్చి, పై లెక్క వాళ్ళనే వేయమనండి.

ఆ తల్లీకొడుకులు వారం తిరగకుండా మళ్ళీ వచ్చారు. ఈసారి మాత్రల డబ్బీ సంచిలో ఉంది. రాత్రి మాత్ర ఎన్ని గంటలకు వేసిందీ ఒక నోటు పుస్తకంలో రాసుకొచ్చింది. రక్తం ఇచ్చి, దూది ఒత్తి పట్టుకొని, మా ల్యాబు మెట్ల మీద కూర్చొని ఆ పిల్లవాడు మాత్ర వేసుకున్నాడు.