కిరాయి ఇంట్లో స్మోక్ డిటెక్టర్: రూల్ ఏమంటోంది, ఏది కొనాలి, ఎక్కడ బిగించాలి?

కొత్త ఫోన్ కొనగానే టెంపర్డ్ గ్లాస్, బ్యాక్ కేస్, ఇన్సూరెన్స్ అన్నీ తీసుకుంటాం. నేనూ అంతే. అదే ఫోన్‌ని రాత్రంతా ఛార్జింగ్‌లో పెట్టి పక్కనే పడుకుంటాం కదా, అర్ధరాత్రి ఇంట్లోకి పొగ వస్తే మనల్ని లేపేది ఏంటి? మొన్నటిదాకా నా దగ్గర జవాబు లేదు.

నేను బషీర్‌బాగ్‌లో ఒక గల్లీలో ఉంటున్నాను. గ్రౌండ్ ప్లస్ నాలుగు బిల్డింగ్, మాది మూడో అంతస్తు, ముగ్గురం రూమ్మేట్స్. కింద పార్కింగ్‌లో అందరి కరెంటు మీటర్లూ ఒకే బోర్డు మీద ఉంటాయి. దాని పక్కనే రాత్రిపూట రెండు ఎలక్ట్రిక్ స్కూటర్లు ఛార్జ్ అవుతుంటాయి. పైకి, కిందికి ఒకటే మెట్లదారి. అబిడ్స్, నాంపల్లి వైపు కిరాయికి ఉండేవాళ్లకు ఈ బిల్డింగ్ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఈ టాపిక్ ఇప్పుడెందుకు?

2023 నవంబర్ 13, దీపావళి మర్నాడు. మా ఇంటికి బండి మీద కొద్ది నిమిషాల దూరంలో ఉన్న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింద నిల్వ ఉంచిన కెమికల్ డ్రమ్ములు అంటుకున్నాయి. ఆ రోజే తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లు ఉన్నది పై అంతస్తుల్లో.

అంతకుముందు 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక హోటల్ కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు వచ్చాయి. మెట్లదారి గుండా పొగ పైకి ఎక్కింది, ఎనిమిది మంది పోయారు. 2025 మే 18 తెల్లవారాక చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 17 మంది, అందులో ఎనిమిది మంది పిల్లలు. అక్కడా కింద షాపులు, పైన ఇల్లు, మధ్యలో ఇరుకు దారి.

మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మంట పుట్టింది కింద, మనుషులు ఉన్నది పైన. మంట కన్నా ముందు పొగ వచ్చేసింది. ఇంకో విషయం, నిద్రలో ఉన్నప్పుడు వాసన మనల్ని లేపదు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి అసలు వాసనే ఉండదు. నిద్రలో ఉన్నా పనిచేసేది చెవి. అందుకే సైరన్ కావాలి.

రూల్ ఏమంటోంది?

నేను మొదట వెతికింది ఇదే. ఓనర్‌కి చూపించడానికి ఒక రూల్ దొరుకుతుందేమో అనుకున్నా. దొరకలేదు.

తెలంగాణలో అమల్లో ఉన్నది 1999 నాటి ఫైర్ సర్వీసెస్ చట్టం. దాని ప్రకారం ఫైర్ ఎన్‌ఓసీ ఎవరికి కావాలంటే:

- 18 మీటర్లు, అంతకన్నా ఎత్తున్న నివాస భవనాలకు
- 15 మీటర్లు, అంతకన్నా ఎత్తున్న కమర్షియల్ భవనాలకు
- స్కూళ్లు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్లలాగా జనం గుమికూడే చోట్ల అయితే 500 చదరపు మీటర్లకు మించిన స్థలం ఉన్నా, 6 మీటర్లు, ఆపైన ఎత్తున్నా

మా గ్రౌండ్ ప్లస్ నాలుగు ఈ లిస్టులో ఎక్కడా రాదు. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 నాలుగో భాగం అంతా అగ్నిప్రమాదాల గురించే. కానీ తక్కువ ఎత్తున్న అపార్ట్‌మెంట్లలో ఆటోమేటిక్ డిటెక్షన్ తప్పనిసరి అని అది కూడా అడగదు. హోటళ్ల విషయంలో మాత్రం గట్టిగా ఉంటుంది. హోటల్ గదిలో పడుకుని పైకి చూస్తే తెల్లటి గుండ్రటి డబ్బా కనబడేది, మన ఇంట్లో కనబడనిది అందుకే.

బయటి దేశాల సంగతి వేరు. ఇంగ్లాండ్‌లో 2015 అక్టోబర్ 1 నుంచి ఇల్లు కిరాయికిచ్చే ఓనర్, మనుషులు ఉండే ప్రతి అంతస్తులో కనీసం ఒక స్మోక్ అలారం పెట్టాల్సిందే. పాడైందని చెబితే బాగుచేయించాలని 2022లో ఇంకో రూల్ తెచ్చారు. డల్లాస్‌లో ఉండే మా బావని అడిగితే నవ్వాడు. "పోపు పెడితే చాలు, అది మొత్తుకుంటది రా. మేం వంట చేసేటప్పుడు దానికి షవర్ క్యాప్ తొడిగేవాళ్లం" అన్నాడు. అక్కడ రూల్ ఉన్నా మనోళ్లు దాని నోరు నొక్కేశారు! మీరు మాత్రం ఆ పని చేయకండి. వంటగదికి వేరే పరికరం ఉంది, కింద చెప్తాను.

కాబట్టి మన బిల్డింగుల్లో దీన్ని పెట్టాల్సింది చట్టం కాదు, మనమే.

నేను చేసిన తప్పు

ట్రూప్ బజార్‌కి వెళ్లి "స్మోక్ డిటెక్టర్ ఇవ్వండి" అన్నాను. 450 రూపాయలకు ఇచ్చారు. ఇంటికొచ్చి తిప్పి చూస్తే బ్యాటరీ పెట్టే చోటే లేదు, వైర్లు కలిపే స్క్రూలు ఉన్నాయి. అది ప్యానెల్‌కి కలిపే రకం. పెద్ద బిల్డింగుల్లో కంట్రోల్ ప్యానెల్ దీనికి కరెంటు ఇస్తుంది, సైరన్ కూడా ప్యానెలే మోగిస్తుంది. ఒంటరిగా బిగిస్తే అది వట్టి ప్లాస్టిక్ డబ్బా. అడగకుండా కొన్నది నేనే, కాబట్టి తప్పు నాదే.

మీరు అడగాల్సింది స్టాండలోన్ స్మోక్ అలారం. అంటే సెన్సర్, సైరన్, బ్యాటరీ అన్నీ ఒకే డబ్బాలో ఉండేది. నాకు రెండోసారి 1,150 రూపాయలు పడింది.

కొనేముందు ఏం చూడాలి?

సెన్సర్: ఫోటోఎలక్ట్రిక్ తీసుకోండి. లోపల చీకటి గది, అందులో ఒక ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, దాని వెలుతురు నేరుగా తగలని కోణంలో ఒక సెన్సర్ ఉంటాయి. థియేటర్‌లో ప్రొజెక్టర్ కిరణం దారి మనకు కనబడుతుంది కదా, గాల్లో ఉన్న దుమ్ము వెలుతురుని చెదరగొట్టడం వల్ల. ఇక్కడా అంతే. పొగ రేణువులు లోపలికి వస్తే వెలుతురు చెదిరి సెన్సర్ మీద పడుతుంది, సైరన్ మోగుతుంది. వైర్లు, పరుపులు, సోఫాల్లాంటివి మంట లేకుండా రాజుకుంటూ ఇచ్చే పొగని ఇది త్వరగా పడుతుంది. రెండో రకం అయొనైజేషన్. అందులో అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం కొద్దిగా ఉంటుంది. భగ్గుమనే మంటల్లో అది చురుకే, కానీ ఇంటికి ఫోటోఎలక్ట్రిక్ చాలు.

స్టాండర్డ్: బాక్స్ మీద ఈఎన్ 14604 లేదా యూఎల్ 217 అని ఉందా చూడండి. సైరన్ 3 మీటర్ల దూరంలో 85 డెసిబెల్స్ ఉండాలి.

వయసు: ఏ స్మోక్ అలారమైనా సుమారు పదేళ్లకు మార్చేయాలి. వెనకాల తయారీ తేదీ చూసి కొనండి. షెల్ఫ్‌లో మూడేళ్లు పడి ఉన్నదైతే మీకు మిగిలేది ఏడేళ్లే.

వైఫై మోడల్ కావాలా? ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఫోన్‌కి నోటిఫికేషన్ రావడం బాగుంటుంది. కానీ కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది, రాత్రి మన ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది. సైరన్ డబ్బాలోనే ఉండాలి, నెట్ లేకున్నా మోగాలి. పైగా యాప్ సపోర్ట్ ఎన్నాళ్లుంటుందో చూసుకోవాలి. గూగుల్ లాంటి కంపెనీయే 2025లో నెస్ట్ ప్రొటెక్ట్ అమ్మకం ఆపేస్తున్నట్టు చెప్పింది. వైఫై కన్నా పనికొచ్చే ఫీచర్ ఇంకోటి ఉంది, ఇంటర్‌లింక్. ఒకటి మోగితే రేడియో సిగ్నల్‌తో మిగతావన్నీ మోగుతాయి.

వంటగదికి: స్మోక్ అలారం వద్దు, హీట్ అలారం పెట్టండి. అది పొగని కాదు, వేడిని చూస్తుంది. స్మోక్ అలారం పొయ్యికి కనీసం 3 మీటర్ల దూరంలో ఉంటే పోపు గొడవ చాలావరకు తగ్గుతుంది. గ్యాస్ లీక్‌ని ఈ రెండూ పట్టవు. ఎల్‌పీజీ గాలికన్నా బరువు కాబట్టి గ్యాస్ డిటెక్టర్‌ని నేలకు దగ్గరగా బిగించాలి.

ఎక్కడ బిగించాలి? ఫ్యాన్‌తోనే తంటా

పొగ పైకి లేస్తుంది కాబట్టి సీలింగే సరైన చోటు. గోడ నుంచి కనీసం 30 సెంటీమీటర్లు, అంటే ఒక అడుగు వదలాలి. ఏసీ గాలి నేరుగా తగలకూడదు. ఫ్యాన్ రెక్క చివర నుంచి 3 అడుగుల దూరం ఉండాలని అమెరికా కోడ్ ఎన్‌ఎఫ్‌పీఏ 72 చెబుతుంది. ఫ్యాన్ గాలి పొగని పక్కకు తోసేస్తుంది కదా.

మన బెడ్‌రూమ్‌లో లెక్క వేద్దాం. 10 అడుగులు × 10 అడుగుల గది, మధ్యలో 48 అంగుళాల ఫ్యాన్. రెక్క చివర మధ్య నుంచి 2 అడుగులు. ఇంకో 3 అడుగులు వదిలితే 5 అడుగులు, అంటే గోడకి తగిలేశాం! కానీ మూల వైపు చూడండి. రెండు గోడల నుంచీ ఒక్కో అడుగు వదిలిన చోటు గది మధ్య నుంచి దాదాపు 5.6 అడుగులు. రెండు షరతులూ సరిపోయాయి. నేను అక్కడే బిగించాను. డబుల్ టేప్ నమ్మొద్దు, డిస్టెంపర్ పొరతో సహా ఊడి కిందపడుతుంది. రెండు చిన్న స్క్రూలు చాలు, ముందు ఓనర్‌కి ఒక మాట చెప్పండి. బిగించాక డస్ట్ కవర్ తీయడం మర్చిపోకండి.

మా ఇంట్లో టెస్ట్

మొదట హాల్లో ఒకటే పెట్టాను. టెస్ట్ బటన్ నొక్కితే హాల్లో చెవులు మూసుకున్నాం. తర్వాత బెడ్‌రూమ్ తలుపు వేసి, ఏసీ, ఫ్యాన్ ఆన్ చేసి, లోపల ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టాను. ఫోన్ యాప్ రీడింగ్ పక్కాగా ఉండదు, కానీ తేడా తెలుస్తుంది. ఏసీ, ఫ్యాన్ మోతే 48 చూపించింది. సైరన్ కలిపితే 55. లోపల పడుకున్న రూమ్మేట్ కదల్లేదు.

హాల్లో ఒక్కటి సరిపోదని అప్పుడు అర్థమైంది. ఇంటర్‌లింక్ ఉన్నవి రెండు కొన్నాం. ఒకటి బెడ్‌రూమ్‌లో, ఒకటి మెయిన్ డోర్‌కి లోపల. పాత దాన్ని కింద మీటర్ బోర్డు పక్క మెట్ల దగ్గర పెడదామని ఓనర్ అంకుల్‌ని అడిగాను.

"ఏం బాబూ, ఇది లాడ్జి అనుకున్నవా?" అన్నారు. బజార్‌ఘాట్ పేరు ఎత్తాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "సరే, పెట్టు. స్కూటర్లు బోర్డుకి దూరంగా పెట్టమని నేనే చెప్తా" అన్నారు.

రాత్రి పదింటికి మెట్ల దగ్గర టెస్ట్ చేశాం. మొదటి అంతస్తు వాళ్లు బయటికొచ్చారు. నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉండే అమ్మమ్మకి మాత్రం వినబడలేదు, టీవీ నడుస్తోంది. పొగ ఆఖరికి చేరేది ఆమె ఇంటికే, అక్కడి నుంచి దిగడానికి అందరికన్నా ఎక్కువ టైమ్ పట్టేదీ ఆమెకే. అందుకే మెట్ల దగ్గరి పాతది తీసేసి ఇంటర్‌లింక్‌ది పెట్టాం, ఇంకోటి ఆమె హాల్లో బిగించాం. డబ్బులు బిల్డింగ్ అంతా పంచుకున్నాం. రెండో టెస్ట్‌లో తలుపు తీసి "ఏమైంది నాయనా?" అని అడిగింది.

మోగితే ఏం చేయాలి?

- తలుపుని చేతి వెనక వైపుతో తాకండి. చల్లగా ఉండి, మెట్ల మీద పొగ లేకపోతేనే దిగండి.
- మెట్లు పొగతో నిండితే దిగొద్దు. తలుపు మూసి, సందుల్లో తడి బట్ట కుక్కి, బాల్కనీలోకి వెళ్లి 101 లేదా 112కి ఫోన్ చేయండి.
- గ్రిల్, కొలాప్సిబుల్ గేటు తాళంచెవి అందరికీ తెలిసిన చోట తలుపు పక్కనే ఉంచండి.
- నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి, బ్రష్‌తో దుమ్ము దులపండి. మధ్యమధ్యలో కిచుక్కుమంటే బ్యాటరీ అయిపోతోందని అర్థం, డబ్బా పీకేయకండి.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఈ డబ్బా మంట ఆపదు, ఇరుకు మెట్లని వెడల్పు చేయదు. కింద కెమికల్ డ్రమ్ములు ఉన్న బిల్డింగ్‌కి ఇది పరిష్కారం కాదు, ఆ డ్రమ్ములు అక్కడ ఉండకూడదు. ఇది ఇచ్చేది కొన్ని నిమిషాలు మాత్రమే. మా అమ్మమ్మకి నాలుగు అంతస్తులు దిగడానికి మూడు నిమిషాలు పట్టింది, స్టాప్‌వాచ్ పెట్టి చూశాం. మీ బిల్డింగ్‌లో ఎంత పడుతుందో ఈ ఆదివారం చూడండి.