ఆవర్జా మొదటి పేజీ

అమ్మలూ, ఇంటర్ సీఈసీ అయ్యింది, ఫైనాన్సుతో డిగ్రీ చేస్తానన్నావు. ఈలోపు ఏ పుస్తకం చదవమంటావు తాతయ్యా అని అడిగావు. ముప్ఫై నాలుగేళ్లు బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నవాణ్ణి. పుస్తకం సంగతి తర్వాత, ముందు ఈ పనులు చూడు.

1. వడ్డీ నోటిమీద లెక్కకట్టడం నేర్చుకో. మన ఊళ్లో ‘నూటికి రెండు’ అంటే నెలకు రెండు రూపాయలు, ఏడాదికి 24 శాతం. ఏ నెల వడ్డీని ఆ నెల అసలులో కలిపితే 26.8. ఇది తెలిసిన నేనే ఉద్యోగంలో చేరిన కొత్తలో స్కూటరు అప్పు దగ్గర బోర్లాపడ్డాను. ‘12 శాతమే, ఫ్లాటు’ అన్నాడు అమ్మినవాడు. లక్ష అనుకుని లెక్క వెయ్యి. 12,000 వడ్డీ కలిపి పన్నెండు వాయిదాలు. నెలనెలా అసలు తీరుతూనే ఉంటుంది, వడ్డీ మాత్రం మొదటి లక్ష మీదే. విడదీసి చూస్తే నిజమైన రేటు 21 శాతం దాటుతుంది. ఆ సంగతి నాకు చివరి వాయిదా కట్టాక తట్టింది.

2. చిట్టా, ఆవర్జా, అంకణా ఇంటర్లో మార్కుల కోసం రాశావు. ఇప్పుడు మీ ఇంటికి రాయి. పాలవాడి బాకీ, గ్యాసు బండ, నాన్న బండి వాయిదా, అన్నీ. నెలాఖరుకి అంకణా కుదరదు, నాకు తెలుసు. పది రూపాయల తేడా కోసం రాత్రి తొమ్మిదిదాకా బ్రాంచిలో కూర్చున్న రోజులున్నాయి నాకు. అప్పుడు విసుక్కున్నాను గానీ, పద్దు చూడగానే తప్పు పసిగట్టే కన్ను అక్కడే వచ్చింది.

3. సీఈసీలో లెక్కలు లేవు. ఎంఈసీ పిల్లలు నీకన్నా ముందుంటారు. వాళ్లను అందుకోవాలంటే సంభావ్యత, ప్రామాణిక విచలనం, ఎక్సెల్ నేర్చుకో. రోజూ గంట.

4. ఒక కంపెనీ వార్షిక నివేదిక తెచ్చుకుని చదువు. ఊరికే దొరుకుతుంది. లాభం దగ్గర ఆగిపోకు, నగదు ఎక్కడుందో వెతుకు. 2009 జనవరి 7న సత్యం కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం హైదరాబాదును కుదిపేసింది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవని ఆయనే ఒప్పుకున్నాడు. లెక్కలన్నీ పొందిగ్గా కుదిరాయి, డబ్బే లేదు. బ్యాంకువాణ్ణి కాబట్టి ఆ నిల్వల మాట నన్ను ఇప్పటికీ వదలదు.

5. ఫోనులో ట్రేడింగ్ యాప్ పెట్టుకుని ‘ప్రాక్టీసు’ అనకు. ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన సామాన్యుల్లో నూటికి 93 మంది మూడేళ్లలో నష్టపోయారని 2024లో సెబీయే తేల్చింది. ఫీజు డబ్బుతో అటు వెళ్లావంటే నాతో మాట్లాడకు.

మీ అమ్మ వేసే చీటీ ఉంది కదా. పాట ఎంతకు పోయింది, కమీషనెంత, చివరిదాకా ఆగినవాళ్లకు మిగిలేదెంత, ఎప్పుడైనా అడిగావా? ఆదివారం వచ్చేటప్పుడు ఆ పాసుపుస్తకం పట్టుకురా, కూర్చుని తేలుద్దాం.