అరటి పువ్వు ఒలిచిన చేతికి ఆర్టిచోక్ కొత్త కాదు

ధర్మపురి

చిరంజీవి పాపకు అత్త ఆశీర్వదించి రాసేది.

సాన్ హొసేలో అంగడికి పోయి ఆర్టిచోక్ తెచ్చానని, ఉడకబెట్టి ఒక రేకు మొత్తంగా నమిలితే పీచు తప్ప ఏమీ లేదని, విసుగొచ్చి చెత్తబుట్టలో వేశానని ఫోన్లో చెప్పినావు. అది చాలా మంచి వస్తువు పాపా. ఒక్కసారికే దాన్ని వదిలేస్తావేమోనని నాకు బాధగా ఉంది. అమెరికాలో మీ వదిన ఇంట్లో ఉన్న రోజుల్లో నేను దాన్ని ఇష్టంగా వండినాను, ఇంకా ఇష్టంగా తిన్నాను. ఫోన్లో చెప్తే సగం మరిచిపోతావు. కాయితం మీద ఉంటే స్టవ్ పక్కన పెట్టుకుని చూసుకోవచ్చు.

నీకు అరటి పువ్వు ఒలవడం వచ్చు. మీ అవ్వ దగ్గర కూర్చుని నేర్చుకున్నదే. ఎర్రటి దొప్పలు ఒక్కొక్కటే తీస్తాం, కింద వరసగా ఉన్న పూలు తుంచుతాం, ఒక్కో పువ్వులో నుంచి తల గుండ్రంగా ఉండే గట్టి నరాన్నీ, పక్కనుండే పల్చటి పొరనూ గిల్లి పారేస్తాం. లోపలికి పోయేకొద్దీ దొప్పలు తెల్లబడి లేతగా అవుతాయి. చివరికి మిగిలిన తెల్లటి మొగ్గను అట్లే తరిగి కూరలో వేస్తాం. ఆర్టిచోక్ కూడా పువ్వే, ఇంకా విచ్చుకోని మొగ్గ. కోయకుండా చెట్టుకే వదిలేస్తే ఊదారంగులో విచ్చుకుంటుంది. పొద్దుతిరుగుడు కుటుంబంలోది. రాయలసీమలో, తెలంగాణలో మెట్ట చేలల్లో వేసే కుసుమకు దగ్గరి చుట్టం. కుసుమ చేలో నడిచినవాళ్ళకు ఆర్టిచోక్ రేకుల కొసన ముల్లు ఎందుకుందో చెప్పనక్కర్లేదు.

నువ్వు పొరబడింది ఒక్కచోటే. అరటి పువ్వులో దొప్ప పారేసి పూలు తింటాం. ఆర్టిచోక్‌లో పూలు పారేసి, దొప్ప అడుగున అంటుకున్న కండ తింటాం. రేకు మొత్తం నమిలేది కాదు, పళ్ళతో గీకి తినేది. ఈ తేడా పట్టుకుంటే మిగతాదంతా నీ చేతికి అలవాటైన పనే.

కొనేటప్పుడు చేతిలోకి తీసుకుని బరువు చూడు. సైజుకు తగ్గ బరువుండాలి, రేకులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉండాలి. వేళ్ళతో నొక్కితే కిర్రుమనాలి. రేకులు విడిపోయి, తేలిగ్గా ఉంటే ముదిరిందనో వాడిపోయిందనో అర్థం, తీసుకోవద్దు. చలికాలంలో పైరేకుల మీద గోధుమరంగు మచ్చలు, పొట్టు లేచినట్టు ఉండడం చూస్తావు. అది మంచు తగిలిన గుర్తు, చెడిపోయినట్టు కాదు. అట్లాంటివి ఇంకా రుచిగా ఉంటాయని అక్కడివాళ్ళే చెప్తారు, నాకూ నిజమే అనిపించింది. మార్చి నుంచి మే దాకా విరివిగా వస్తాయి, అప్పుడు ధర కూడా దిగుతుంది.

కొయ్యడానికి ముందు ఒక గిన్నెలో నీళ్ళు పోసి నిమ్మకాయ పిండి పక్కన పెట్టుకో. అరటి పువ్వును మజ్జిగ నీళ్ళలో వేసేది ఎందుకో ఇదీ అందుకే. కోసినచోట గాలి తగిలితే లోపలి ఎంజైము పని మొదలుపెట్టి నల్లగా చేస్తుంది, పులుపు దాన్ని అడ్డుకుంటుంది. ఇనప కత్తి వద్దు, ఉత్త అల్యూమినియం గిన్నె కూడా వద్దు. రెండూ దాని రంగు చెడగొడతాయి. స్టీలు చాలు. కాడను మొదలు దగ్గరికి కొయ్యి గానీ పారెయ్యద్దు. పైచెక్కు తీస్తే లోపలిది నడిమి గుజ్జు రుచే. తలవైపు మూడో వంతు అడ్డంగా కోసేసి, మిగిలిన రేకుల ముళ్ళ కొసలు కత్తెరతో కత్తిరించు. అడుగున ఉండే చిన్న రేకులు చేత్తో తుంచెయ్యి. కోసిన ప్రతిచోటా నిమ్మచెక్క రుద్దు.

ఉడికించడానికి నీ ఇడ్లీ పాత్ర సరిగ్గా సరిపోతుంది. తట్టలు తీసేసి, చిల్లుల పళ్ళెం మీద మొగ్గను తలకిందులుగా పెట్టు. పెద్దదైతే ముప్పావు గంట పడుతుంది, మధ్యరకానికి అరగంట దాటుతుంది. నీళ్ళు ఇంకిపోకుండా చూసుకో. గడియారం కన్నా రేకును నమ్ము. నడుమ నుంచి ఒక రేకు పట్టి లాగితే తేలిగ్గా ఊడిరావాలి. బలంగా లాగాల్సి వస్తే ఇంకా ఉడకలేదు. నీకు పీచు తగలడానికి సగం కారణం అదే అయ్యుంటుంది. ఆత్రంగా దించినావు.

ఇక తినడం. దీనికి తీరిక కావాలి. టీవీ ముందు, ఫోను చూస్తూ తినే తిండి కాదు. ఒక రేకు ఊడదీసి, అడుగుభాగం నంజుకునేదాంట్లో ముంచి, కింది పళ్ళకు ఆనించి బయటికి లాగు. కొంచెం కండ నోట్లో నిలుస్తుంది, మిగతా రేకు పక్క పళ్ళెంలో వెయ్యి. మొదటి రేకుల్లో దొరికేది గోరంత. లోపలికి పోయేకొద్దీ కండ పెరుగుతుంది, రేకు లేత పచ్చగా మారుతుంది, కొన్ని సగం దాకా తినొచ్చు. అవీ అయిపోయాక పల్చటి రేకుల కుచ్చు వస్తుంది, దాన్ని ఒక్కసారే తీసెయ్యి. కింద మెత్తటి నూగు కనపడుతుంది. అదే విచ్చుకోని పూలగుత్తి. అది గొంతుకు అడ్డం పడుతుంది పాపా, పొరపాటున కూడా మింగొద్దు. స్పూనుతో అంచు నుంచి గీకితే మొత్తం లేచి వస్తుంది. ఒక్క నూగు కూడా మిగలకుండా తియ్యి. అప్పుడు బయటపడే గిన్నెలాంటి నడిమి గుజ్జే ఈ కష్టమంతటికీ ఫలితం. నాలుగు ముక్కలు చేసి ఉప్పు చల్లుకుని నిదానంగా తిను.

అక్కడివాళ్ళు కరిగించిన వెన్నలో ముంచుకుంటారు. నేను వేడి నెయ్యిలో దంచిన మిరియాలు, నిమ్మరసం, ఉప్పు కలిపినాను, మీ వదిన పిల్లలు గిన్నె నాకినంత పని చేసినారు. పెరుగులో కొద్దిగా ఆవపిండి కలిపినా బాగుంటుంది. మొదటిసారి మసాలా పెట్టకు. దాని రుచి సన్నటిది, గరం మసాలా ముందు నిలవదు. రుచి తెలిశాక నీ ఇష్టం. నడిమి గుజ్జు తరిగి, అరటి పువ్వుకు చేసినట్టే పెసరపప్పు, కొబ్బరి, ఎండుమిరపకాయ పోపు వేసి చేస్తే అన్నంలోకి అద్భుతంగా ఉంటుంది. గుప్పెట్లో ఇమిడే చిన్నవి దొరికితే వాటిలో నూగు దాదాపు ఉండదు. అవి లేత పిందెలు కావు, అదే చెట్టుకు కింది కొమ్మల నీడలో కాసినవి. పైరేకులు తీసి, నిలువుగా చీల్చి వేపుడు చేసుకో.

తిన్నాక ఒక గుక్క మంచినీళ్ళు తాగి చూడు, తియ్యగా ఉంటాయి. అందరికీ ఒకేలా తెలియదు గానీ నాకు బాగా తెలిసింది. అందులో ఉండే సినారిన్ అనే పదార్థం కాసేపు నాలుక మీద నిలిచి, ఆ తర్వాత తాగే నీళ్ళను తీపిగా అనిపించేలా చేస్తుందట. మన ఊరిదానివి, నీకు ఇది కొత్త కాదు. ఉసిరికాయ తిని నీళ్ళు తాగిన నోరే కదా. ధర్మపురికి పాత పేరు తగడూరు. దాన్ని ఏలిన అతియమాన్ నెడుమాన్ అంజి, ఆయుష్షు పెంచుతుందన్న అరుదైన ఉసిరికాయ దొరికితే తాను తినకుండా కవయిత్రి అవ్వైయార్‌కు ఇచ్చిన కథ బడిలో చదివినావు. ఆ దేశంలో ఒక ముళ్ళ మొగ్గ తిని, నీళ్ళు తీపి తగిలినప్పుడు నాకు మన ఊరు గుర్తొచ్చి చాలాసేపు మాట రాలేదు.

మీ వదినావాళ్ళు నన్ను కాస్ట్రోవిల్ తీసుకుపోయి ఆ పొలాలు చూపించినారు. నీకు గంట, గంటంపావు దారి, తప్పకుండా పోయి రా. మాంటెరే తీరం పక్కనే, సముద్రం మీది నుంచి పొగమంచు వచ్చి పొలాల మీద నిలబడుతుంది. ఎండ మండదు, చలి చంపదు, మొగ్గ మెల్లగా గట్టిపడుతుంది. 1922లో ఆండ్రూ మొలేరా అనే భూస్వామి, అంతకుముందు చక్కెర దుంప వేసే భూమిని ఈ పంట వేస్తామన్న ఇటలీ రైతులకు కౌలుకిచ్చినాడు. వాళ్ళు తమ ఊళ్ళలో తిన్న రుచిని వెంట తెచ్చుకున్నవాళ్ళు. తల్లి మొక్క నుంచి పిలకలు తీసి నాటేవాళ్ళు, మనం అరటికి చేసినట్టే. 2013లో కాలిఫోర్నియా దీన్ని తన రాష్ట్ర కూరగాయగా ప్రకటించింది.

ఈ కథ చెప్పడానికి ఒక కారణముంది. నువ్వు అక్కడ ఇండియన్ స్టోరులో గడ్డకట్టిన మునక్కాయ ముక్కలు, అరటి పువ్వు డబ్బాలు కొంటున్నావని మీ అమ్మ చెప్పింది. కొనుక్కో, మన తిండి మీద ప్రేమ పోకూడదు. కానీ వారానికి ఒక్కసారైనా నువ్వున్న నేలలో పండింది తాజాగా తెచ్చుకుని తిను. మన పెద్దలు ఈ తమిళ సీమకు వచ్చి ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం మాట్లాడుతూ బతికినారు. సంగటి మానలేదు, వాళ్ళ కుళంబును వద్దనలేదు. మన వంటింట్లో రెండూ ఉన్నందుకే నాకు గర్వం. నీ వంటింట్లో మూడోది చేరితే ఇంకా సంతోషం.

ఇంకా రెండు మాటలు. ఈ మొగ్గలో ఇన్యులిన్ అనే పీచు ఎక్కువ, అలవాటు లేని కడుపు ఉబ్బరిస్తుంది. మొదటిసారి ఒకటికి మించి తినకు. వండనివి కడగకుండా, కాడ కొసను కాస్త కోసి, నీళ్ళు చిలకరించి, సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే అయిదారు రోజులు నిలుస్తాయి. వండినవి మర్నాటికి తినెయ్యి. నీతో పాటు ఉండే అమ్మాయికి కూడా ఒకటి వండు, రేకు లాగే పద్ధతి నువ్వే చూపించు.

ఈ ఆదివారం చేసుకుంటే, నూగు తీసేముందు నాకు వీడియో కాల్ చెయ్యి. ఇక్కడ రాత్రైనా ఫరవాలేదు, మేలుకుని ఉంటాను.

ఇట్లు,
మీ అత్త