కోళ్ళ దాణాలో విషపూరిత కలుపు గింజలు: గుర్తింపు, నివారణ

హైదరాబాదు తూర్పు భాగాన దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ దాటి హయత్‌నగర్, ఇబ్రహీంపట్నం వైపు వెళ్ళితే కోళ్ళ ఫారాలు కనిపిస్తాయి. దాణాలో వాడే మొక్కజొన్న, జొన్నలతో పాటు చేలోని కలుపు గింజలు కూడ షెడ్డుకు చేరే అవకాశమున్నది. కోళ్ళు మేత తగ్గించినప్పుడు మొదట అంటువ్యాధిని అనుమానిస్తాము. దాణా పరీక్ష చివరికి మిగులుతుంది. ఈ వరుస మారవలసి ఉన్నది.

ముఖ్యమైన గింజలు

ఉమ్మెత్త: ఇందులోని అట్రోపిన్, స్కోపోలమిన్‌ల వలన మేత తగ్గి ఎదుగుదల మందగిస్తుంది. పశువులలో కంటిపాప విప్పారడం దీని ముఖ్య లక్షణం. పక్షుల కంటిపాపను నడిపేది చారల కండరం కనుక అట్రోపిన్‌కు అది విప్పారదు. కావున కన్ను చూసి ఉమ్మెత్త విషం లేదని నిర్ణయించరాదు.

కసింద: కండరాలు క్షీణించి కోళ్ళు నిలబడలేవు. బరువు, గుడ్ల ఉత్పత్తి తగ్గుతాయి.

గిలిగిచ్చ: పైరొలిజిడిన్ ఆల్కలాయిడ్లు కాలేయాన్ని దెబ్బతీస్తాయి. పొట్టలో నీరు చేరుతుంది.

ఆముదం: ఇది పంటయే. అయితే జొన్న, ఆముదం పంటల మార్పిడి ఈ ఎర్ర నేలలకు పరిచితమైనది. కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ హయత్‌నగర్ క్షేత్రంలో దానిపై దీర్ఘకాలిక ప్రయోగాలు జరిగాయి. నిరుడు రాలిన గింజ జొన్నచేలో మొలిస్తే అది కలుపే. దానిలోని రిసిన్ పేగులను దెబ్బతీస్తుంది.

పరిమితులు

యూరోపియన్ యూనియన్ 2002 నాటి ఆదేశం, దాని సవరణల ప్రకారం కిలో దాణాలో ఉమ్మెత్త గింజలు 1000, గిలిగిచ్చ 100, ఆముదపు గింజలు, పొట్టు కలిపి 10 మిల్లీగ్రాములకు మించరాదు. 250 మిల్లీగ్రాముల ఆముదపు గింజ ఒక్కటే 25 కిలోల దాణాను ఆ పరిమితికి చేరుస్తుంది. పరిమితి దాటగానే కోడి చనిపోతుందని దీని అర్థం కాదు. ఇది ముందుజాగ్రత్త కొలత.

నివారణ

మొక్కజొన్నలోని ఉమ్మెత్త, కసింద, గిలిగిచ్చ గింజలు చిన్నవి కనుక జల్లెడ పడితే కిందికి దిగుతాయి. ఆముదం మాత్రం మొక్కజొన్నతో పాటే పైన నిలుస్తుంది. జొన్నలో ఇది తారుమారవుతుంది: ఆముదం తేలికగా వేరవుతుంది, కసింద వంటివి కలిసిపోతాయి. కావున జల్లెడ ఒక్కటే చాలదు. కలుపును పూతకు ముందే చేలో పీకివేయడం మేలు. మర పట్టిన తరువాత కంటితో గుర్తించలేము గనుక పరీక్ష ముందే జరగాలి. వేడి వలన రిసిన్ చాలవరకు నశించినా, ఉమ్మెత్త ఆల్కలాయిడ్లు వేడిని తట్టుకుంటాయి. గుళికల దాణా అన్నంత మాత్రాన నిశ్చింత తగదు.

ప్రతి లోడు నుంచి అర కిలో నమూనాను, ఆ దాణా తిన్న కోళ్ళ అమ్మకం ముగిసే వరకు దాచాలి. ఒకే లోడు తిన్న షెడ్లన్నీ ఒకేసారి దెబ్బతిని, వేరే దాణా తిన్నవి బాగుంటే దాణాను అనుమానించి, వెంటనే మార్చి, నమూనాను, చనిపోయిన కోడిని కలిపి పశువైద్య ప్రయోగశాలకు పంపాలి. అంటువ్యాధి కాదని అక్కడే తేలాలి.

కలుపు నష్టాన్ని మనం ఇంతవరకు దిగుబడి తగ్గుదలతోనే కొలుస్తున్నాము. కోతనాటికి చేలో మిగిలిన విషపు మొక్కల లెక్క కూడ విద్యార్థుల క్షేత్ర పుస్తకాలలో చేరాలి; కోళ్ళ రైతు నష్టం అక్కడే మొదలవుతున్నది.