ఆంక్షల ఎత్తివేత: తేజీ ఎవరికి, మందీ ఎవరికి?

ఒక దేశంపై ఆంక్షలు తొలగాయనగానే ఆ దేశంతో బేరాలు పుంజుకుంటాయని వర్తకులు ఆశించడం సహజం. ఇరాన్ ఉదంతం చూస్తే లెక్క అంత సులువు కాదని తేలుతుంది.

అణు ఒప్పందం 2015 జూలై 14న వియన్నాలో కుదిరింది. ఆంక్షలు తొలగింది 2016 జనవరి 16, శనివారం. సోమవారం బ్రెంట్ చమురు బ్యారెల్ 28 డాలర్లకు దిగువకు జారింది. 2003 తరువాత అంత తక్కువ ధర లేదు. అయితే పతనమంతా ఆ ఒక్క రోజుది కాదు. 2014 జూన్‌లో 115 డాలర్లు పలికిన సరుకు, అమెరికాలో ఉత్పత్తి పెరిగి, ఒపెక్ కోత పెట్టక, అప్పటికే బాగా దిగి ఉంది. ఇరాన్ చమురు రానున్నదన్నది ఆరు నెలల పాత కబురు. ఇంకా పడుతుందని ఆ సోమవారం అమ్మి కూర్చున్నవారికి సుఖం మూన్నాళ్ళే. వారాంతానికి ధర 30 డాలర్లు దాటింది, సంవత్సరాంతానికి 50 దాటింది.

మన వర్తకులు అంతకంటె శ్రద్ధగా చూడవలసింది చెల్లింపుల దారి. 2012 నుంచి ఇరాన్ చమురు బిల్లులో 45 శాతం రూపాయల్లో యూకో బ్యాంకు ఖాతాలో జమ అయ్యే ఏర్పాటు జరిగింది. ఆ సొమ్మును డాలర్లుగా మార్చుకుని పట్టుకుపోయే వీలు లేదు. దానితో మన సరుకే కొనాలి. బాస్మతి, సోయా చెక్క, తేయాకు, మందులు అలా తరలాయి. ఒక విధంగా ఇరాన్ కట్టుబడిన ఖాతాదారు. ఆంక్షలు సడలేకొద్దీ ఆ కట్టు వదులైంది. చేతిలో వేరే కరెన్సీ ఉన్నవాడు బ్రెజిల్, అర్జెంటీనా ధర అడగక మానడు. చమురు కొనేవారికి శుభవార్త అయినది సోయా చెక్క ఎగుమతిదారుకు మందీ కబురయింది. సోయా పండించే ఆదిలాబాద్, నిజామాబాద్ రైతుకూ ఇది పూర్తిగా పరాయి సంగతి కాదు.

పైగా ఎత్తివేత సంపూర్ణం కూడా కాదు. అమెరికా బ్యాంకుల ద్వారా డాలర్ చెల్లింపులపై నిషేధం అలాగే ఉండిపోయింది. పెద్ద యూరప్ బ్యాంకులు జంకాయి. అందువల్ల ఏది ఎత్తివేశారు, ఏది అట్టే పెట్టారు అని బ్యాంకులో విచారించాకే బేరం ఖాయం చేసుకోవాలి.

2018 మే 8న అమెరికా ఒప్పందం నుంచి తప్పుకుంది. నవంబరు 5 నుంచి చమురుపై ఆంక్షలు మళ్ళీ వచ్చాయి. మన దేశానికి ఇచ్చిన మినహాయింపు గడువు తీరేదాకా రూపాయి ఖాతా తిరిగి నడిచింది, బాస్మతికి, సోయా చెక్కకు గిరాకీ వచ్చింది. 2019 మే నెలలో గడువు తీరి చమురు దిగుమతి నిలిచింది. ఖాతాలో కొత్త జమ లేదు, ఉన్న నిల్వ తరగసాగింది. సరుకు పంపిన బాస్మతి వర్తకులు సొమ్ము కోసం ఎదురుచూడవలసి వచ్చింది.