చిక్కిన పందెపు గుర్రమును చేరదీయు మేనకోడలికి



చెన్నపురిలోని గిండీ పందెములలో పరుగెత్తి, వేగము తగ్గి, మేను చిక్కిన యొక థరోబ్రెడ్ గుర్రమును దాని యజమాని మూడు నెలల మట్టునకు నీ వశమున నుంచుటకు సమ్మతించెననియు, ఎన్నూరులో మీ పెరటి పశువుల కొట్టమును లాయముగా మార్చుచుంటివనియు, గడువు తీరులోపల దానికి కండ పట్టించి దాని మీదనే స్వారి నేర్చుకొందుననియు వ్రాసితివి. మొదటి రెండును మంచి మాటలు. మూడవది కూడని పని; ఎందువలన కూడదో చెప్పుటకే యీ యుత్తరము.

గిండీలో గుర్రపు పందెములు 1777లో మొదలైనవి. రేసు క్లబ్బునకు 1945లో ఇచ్చిన 99 ఏండ్ల కౌలును రద్దుచేసి 2024 సెప్టెంబరులో ప్రభుత్వమువారు ఆ మైదానపు ద్వారములకు ముద్ర వేసిన సంగతి నీ వెరుగుదువు. అయినను ఒక్కొక్క గుర్రము గతి క్లబ్బుల గతికంటె చాల ముందుగనే తేలిపోవుచుండును: రెండవ యేటనో మూడవ యేటనో పందెమున కెక్కిన గుర్రము ఆరేడేండ్ల ప్రాయముననే అక్కరకు రానిదగును, ఆయువు మాత్రము పాతికేండ్లు కలదు. మిగిలిన యా దీర్ఘకాలమును కొన్ని స్వారి బడులలో గడపును, కొన్ని మెరీనా యిసుకలో పిల్లలను మోయును, కొన్ని పాముకాటు విరుగుడు మందునకై రక్తమిచ్చు లాయములకు చేరును. కావున నీ యొద్దనుండి అది యెచ్చటికి పోవునో తెలియకుండ దానిని తెచ్చుకొనకుము.

గుర్రము దిగిన దినముననే దానిని కన్నులతో గాక చేతులతో చూడుము. పరుగునకు సిద్ధమైన గుర్రమునకు ప్రక్కటెముకలు లీలగా గోచరించుట సహజమే. అది కృశత్వము కాదు. మూపు మీదుగ వ్రేళ్లు పోనిచ్చి, భుజము వెనుకనుండి నడుమునకును, నడుము నుండి తోకమొదటికిని రమ్ము. వెన్నెముక గట్టువలె నిలిచి, దాని కిరుప్రక్కల మాంసము పల్లముగా దిగియుండి, తుంటి యెముకలు చేతికి మొనలుగా తగిలినచో అదియే నిజమైన చిక్కుదల. 1983లో అమెరికా దేశపు టెక్సాస్‌లో హెన్నెకె యను పండితుడు ఒకటి మొదలు తొమ్మిది వరకు ఏర్పరచిన కొలమానము నేటికిని వైద్యులు వాడునదే. అందు అయిదు మధ్యమము, మూడునకు దిగినది కృశించినట్లు. తూకపు యంత్రము లేదని చింతింపకుము. ముందు కాళ్ల వెనుక గుండె చుట్టుకొలతను సెంటీమీటర్లలో తీసి, దానిని దానిచేతనే గుణించి, భుజపు మొననుండి పిరుదు మొన వరకు గల నిడివిచేత మరల గుణించి, 11,880 చేత భాగించినచో ఇంచుమించు కిలోలు వచ్చును. చుట్టుకొలత 172, నిడివి 158 అయినచో 393 కిలోలు. అదే కట్టు గల ఆరోగ్యవంతమైన థరోబ్రెడ్ సాధారణముగా 450కి పైబడి తూగును. వారమున కొకసారి, ఒకే వేళ, ఒకే టేపుతో కొలిచి వ్రాసి యుంచుము.

మేత పెంచుటకు ముందు కారణము వెదకవలెను. పూర్వులు గుర్రపు సుళ్లను బట్టియు వన్నెను బట్టియు శుభాశుభములు చెప్పిరి; తెలుగున మనుమంచి భట్టు హయలక్షణ విలాసమును రచించెను. ఆ విద్య గౌరవింపదగినదే కాని, చిక్కిన గుర్రమునకు నోరు తెరచి చూచుటకంటె మించిన లక్షణ పరీక్ష లేదు. పైదవడ క్రింది దవడకంటె వెడల్పగుటచే, పై దంతముల వెలుపలి యంచులు అరుగక వాడియై చెంపలను కోయును. అట్టి గుర్రము సగము నమిలిన గడ్డిని ముద్దలు ముద్దలుగ జారవిడుచును. వైద్యుడు ఆకురాయితో ఆ యంచులను నునుపు చేయగనే కొన్నింటి కథ మారిపోవును. పందెపు లాయములలో దాణా యెక్కువ, గడ్డి తక్కువ. గుర్రపు కడుపులో ఆమ్ల మెల్లప్పుడు ఊరుచునే యుండును, దానిని చల్లార్చు లాలాజలమో నమలునప్పుడు మాత్రమే ఊరును. అందువలన పందెపు గుర్రములలో పెక్కింటికి కడుపు పుండ్లుండును. లద్దెలో పురుగుల గ్రుడ్లను పరీక్షింపజేయుము. బాగుగ తినుచునే చిక్కిపోవుచు, నడుమ నడుమ జ్వరము వచ్చుచు, కాళ్లు వాచుచున్నచో జోరీగలవలన వ్యాపించు సర్రా యేమోయని రక్తము చూడవలెను. మనుష్యులకును సోకు గ్లాండర్స్ లేదని కూడ అదే రక్తమున తేల్చుకొనుము. 1903లో స్థాపింపబడి నేడు వేపేరిలో నున్న పశువైద్య కళాశాల నీకు దూరము కాదు.

ఇక మేత. నీ జాలియే దానికి అపాయము కాగలదు. బహుకాలము కడుపు మాడిన గుర్రమునకు ఒక్కమారుగ దాణా కుమ్మరించినచో, నెత్తుటిలోని భాస్వరము మున్నగు లవణములు హఠాత్తుగ పడిపోయి, అది నాలుగైదు దినములు బాగుగనే తిని పిమ్మట కూలిపోవును. ఎముకలగూడైన గుర్రమునకు మొదటి మూడు దినములు నాలుగేసి గంటల కొకమారు అర కిలో లూసర్న్ గడ్డి మాత్రమే పెట్టి, పది దినములమీద మెల్లగా పెంచవలెను. తమిళులు కుదిరై మసాల్ అనునది యీ లూసర్న్ గడ్డియే. నీ గుర్ర మంత దురవస్థలో లేనిచో, ఎండుగడ్డి యెల్లవేళల ముందుంచుము. దినమునకు శరీరభారములో నూటికి రెండు పాళ్ల గడ్డి దానికి కావలెను. నానబెట్టి ఉడికించిన ఉలవలు మన పెద్దలెరిగిన బలమైన దాణాయే, అయినను రెండు వారములు గడచిన పిమ్మట దోసెడు దోసెడుగ మొదలిడుము. ఏ మార్పునకైనను ప్రేగులలోని సూక్ష్మజీవులు అలవాటు పడుటకు అంత కాలము పట్టును.

ఎన్నూరు సముద్రతీరము గనుక మరి మూడు జాగ్రత్తలు. నేలమీద మేత వేయకుము. గడ్డితోపాటు ఇసుక లోనికి పోయి ప్రేగులలో పేరుకొని శూల తెచ్చును. నాలుగు లద్దె ఉండలను గాజు సీసాలో నీటితో కలిపి కదపి, కొంతసేపు కదలక నిలుపుము. అడుగున ఇసుక చార కనబడినచో ఆ దినముననే వైద్యుని కడకు పొమ్ము. రెండవది, వాగు గట్టున మేపకుము. విద్యుత్కేంద్రముల బూడిద చాలదన్నట్లు 2023 డిసెంబరు తుపానులో చమురు తెట్టె ఆ గట్లనెల్ల ముంచినది, బావినీరును ఉప్పన. దినమునకు ముప్పది మొదలు ఏబది లీటర్ల వరకు మంచినీరు లారీనుండి పట్టి యుంచుము. మూడవది చెమట. ఈ ఉక్కలో కొన్ని గుర్రములకు చెమట పట్టుటయే మానిపోవును. ఎండలో పదడుగులు నడిచి వచ్చి, మెడ పొడిగా నుండి, ముక్కుపుటములు గబగబ కొట్టుకొనుచున్నచో నీడకు తెచ్చి చన్నీళ్లు పోయుచుండుము. చెమట గల మెడను చూచి సంతోషింపుము.

ఇక స్వారి మాట. వెన్నుకిరుప్రక్కల మాంసము లేని గుర్రముపై జీను వేసినచో దాని బరువు ఎముకమీదనే పడును. హెన్నెకె కొలమానమున ఒక గీత మేర బాగుపడుటకే రెండు మూడు నెలలు పట్టును. అనగా నీ గడువంతయు దానికే చాలును. కావున చేతితో పట్టి నడిపించుము, మాలీసు చేయుము, దాని నడవడి నేర్చుకొనుము; స్వారిని మరియొక గుర్రముమీద అభ్యసింపుము. తిరిగి యిచ్చునాటికి అది నున్నగా లేకపోయినను నీ పని చెడినట్లు కాదు.

యజమానితో ఒప్పందము వ్రాతమూలకముగ నుండవలెను: వైద్యవ్యయ మెవరిది, లాడముల కూలి యెవరిది, అర్ధరాత్రి శూల వచ్చినచో శస్త్రచికిత్సకు అనుమతి నిచ్చువా రెవరు, గడువు తీరునాటికి గుర్రము ప్రయాణమునకు తగియుండనిచో పొడిగింపు కలదా, తిరిగి తీసికొని ఎచ్చట నుంచెదరు. ఈ కడపటి ప్రశ్నకు సూటియైన జవాబు వ్రాసి యీయనివానికడ గుర్రమును తీసికొనకుము. ఆ పత్రమును నాకు చూపిన పిమ్మటనే బండి పంపుమని వారికి చెప్పుము. పంటి వైద్యుడు వచ్చునాడు నేనును ఎన్నూరు వచ్చెదను.

ఇట్లు,
నీ మేనమామ